నల్ల కారు మెరుపుకు లెక్క ఉండాలి

ఎండకు వెలిసి, చారలు పడి, బూడిద రంగుకు తిరిగిన నల్ల కారును మిషన్ పాలిష్‌తో ఒక్క రోజులో కొత్తదానిలా చేసి ఇస్తామనే బోర్డులు హైదరాబాద్‌లోనే కాదు, జిల్లా పట్టణాల వాటర్ సర్వీసింగ్ షెడ్ల మీదా కనిపిస్తున్నాయి. ఆ మాటలో అబద్ధం లేదు. చేయి తిరిగిన మనిషి చేతికి మిషన్ ఇస్తే ఏళ్ల తరబడి పట్టించుకోని బానెట్ కూడా మొహం చూసుకునేంతగా మెరుస్తుంది. అయితే బోర్డు మీద రాయని సంగతి ఒకటుంది. ఆ మెరుపు బయటి నుంచి తెచ్చి పూసింది కాదు. కారు పైపొరను అరగదీసి రాబట్టింది. అరిగిన పొర మళ్లీ పెరగదు. కాబట్టి నల్ల కారుకు మిషన్ పాలిష్ చేయించడంలో తప్పు లేదు గానీ, ఎంత పొర ఉందో కొలవకుండా చేయించడం తప్పు. ఒక్క గీత కూడా మిగలకూడదని పట్టుబట్టడం అంతకంటే పెద్ద తప్పు. పాలిష్‌ను పండగ ముస్తాబులా కాక లెక్కపెట్టి చేయాల్సిన మరమ్మతులా చూసినప్పుడే కారుకూ, యజమానికీ, పనివాడికీ మేలు.

మర్కూక్ లాంటి చోట ఈ లెక్క మరీ అవసరం. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు కొత్త మండలమైన మర్కూక్, 2020 మే 29న కొండపోచమ్మ సాగర్ ప్రారంభమయ్యాక రాష్ట్రమంతా తెలిసిన పేరైంది. 15 టీఎంసీల జలాశయాన్ని, దాని కట్టను చూడటానికి వచ్చే బండ్లు, ఎర్రవల్లిలో మాజీ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు వ్యవసాయ క్షేత్రానికి వచ్చిపోయే నాయకుల కార్లు, రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్‌కు తిరిగే కార్లు ఈ దారుల్లో మామూలే. నల్ల స్కార్పియో, నల్ల ఫార్చ్యూనర్ ఉంటే దర్జా అనే అభిప్రాయం మన రాజకీయాల్లోనూ పెళ్లి ఊరేగింపుల్లోనూ బాగా పాతుకుపోయింది. కానీ ఈ నేల నల్ల రంగు మీద జాలి చూపేది కాదు. గ్రానైటు రాయి చివికి ఏర్పడ్డ ఎర్ర చెల్కలివి. వాటి దుమ్ములో సన్నటి పలుగురాతి రేణువులుంటాయి. పలుగురాయి గట్టితనం మోస్ కొలమానం మీద 7. అంటే అది గాజును గీస్తుంది, ఇనుప మేకును గీస్తుంది. కారు పైపొర ఎంత గట్టి రెసిన్‌తో చేసినా చివరికి ప్లాస్టిక్ జాతిదే. దుమ్ము పట్టిన బానెట్‌ను డ్రైవరు పొద్దున్నే పొడి గుడ్డతో ఒక చుట్టు తుడిచాడంటే, ఆ రేణువులన్నీ గుడ్డకు పైపొరకు మధ్య దొర్లుకుంటూ పోయాయన్నమాట. నల్ల కారు పాడవడం చాలాసార్లు రోడ్డు మీద కాదు, ఇంటి ముందు ఈ తుడుపుతోనే మొదలవుతుంది.

తెల్ల కారుకూ ఇవే గీతలు పడతాయి, కంటికి కనపడవంతే. తెల్ల రంగు తన మీద పడ్డ వెలుతురులో చాలా భాగాన్ని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. గీత దగ్గర చెదిరిన కాస్త వెలుతురు ఆ వెల్లువలో కలిసిపోతుంది. నలుపు వెలుతురును మింగేస్తుంది. ఎదురుగా పడ్డ వెలుతురులో నున్నటి పైపొర నుంచి నూటికి నాలుగు వంతులే సూటిగా తిరిగొస్తాయి. నల్ల కారు మెరుపంటే ఆ నాలుగు వంతులే. తక్కినదంతా చీకటి గనుక, వెంట్రుక మందంలో పదో వంతు లోతు కూడా లేని గీత సైతం దాని మీద వెలిగి కనపడుతుంది. ఎండలో నల్ల బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు లాంటి వలయాలు కనిపిస్తే, ఎవరో గుండ్రంగా రుద్దారని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని వైపులా ఉంటాయి. ప్రతిబింబం చుట్టూ అడ్డంగా తిరిగిన గీతలు మాత్రమే వెలుతురును మన కంటి వైపు పంపుతాయి కాబట్టి అవి గుండ్రంగా అనిపిస్తాయి. తల కాస్త పక్కకు జరిపితే ఆ వలయాలూ జరుగుతాయి. దీన్నిబట్టి తేలేది ఒకటి. నలుపు ఎక్కువ దెబ్బ తినదు, తిన్న దెబ్బను దాచుకోలేదు. కంటికి దారుణంగా కనిపించే నల్ల కారుకు చాలాసార్లు పొర బాగానే మిగిలి ఉంటుంది. దాన్ని బాగుచేయడం అందుకే సాధ్యమవుతోంది. ఇంకా కాస్త, ఇంకా కాస్త అంటూ పనివాడి చేయి ఆగకపోవడానికీ ఆ నలుపే కారణం.

ఎక్కడ ఆగాలో తెలియాలంటే కింద ఏముందో తెలియాలి. ఇప్పటి కార్ల రేకు మీద ముందుగా తుప్పు పట్టకుండా విద్యుత్తు సాయంతో అంటించే పూత ఉంటుంది. దాని మీద ప్రైమర్, ఆపైన అసలు నలుపు ఉండే బేస్ కోట్, అన్నిటికీ పైన ఏ రంగూ లేని పారదర్శకమైన క్లియర్ కోట్. ఇవన్నీ కలిసి చాలా కార్లలో 90 నుంచి 140 మైక్రాన్ల మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో మిషన్ తాకే క్లియర్ కోట్ వాటా మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. పత్రికలు అచ్చయ్యే కాగితం అంతకంటే మందంగా ఉంటుంది. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చిన కాలంలో రంగు, రక్షణ ఒకే పూతలో ఉండేవి. 1980ల నుంచి రంగు మీద విడిగా క్లియర్ కోట్ వేసే పద్ధతి స్థిరపడింది. నల్లటిదాన్ని నున్నగా చేసి మెరిపించడం మన నేలకు కొత్త విద్య కాదు. 1213 నాటి రామప్ప గుడిలో మదనికల నల్లరాయి ఇవాళ్టికీ నిగనిగలాడుతోంది. కానీ రాయికి లోపలా బయటా ఒకటే నలుపు. శిల్పి ఎంత సానపట్టినా కింద వచ్చేది ఆ రాయే. కారుకు ఆ వీలు లేదు. సగం కాగితం మందం దాటితే సాన కింద పొరే ఉండదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ముతక కాంపౌండు, ఊలు ప్యాడుతో గట్టిగా కోసే ఒక్క విడతలో మూడు నాలుగు మైక్రాన్లు పోవచ్చు. సన్నటి పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడుతో అయితే ఒక మైక్రాన్ లోపే పోతుంది. కారు జీవితకాలం మొత్తం మీద క్లియర్ కోట్‌లో ఏడెనిమిది మైక్రాన్లకు మించి తీయకపోవడం మంచిదన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే జాగ్రత్త. దసరాకు ఆయుధ పూజలో బండికి నిమ్మకాయలు కట్టే ముందు రబ్బింగ్ పాలిష్ కొట్టించడం కొందరికి ఏటేటా అలవాటు. ఒక్కో దసరాకు మూడు మైక్రాన్ల చొప్పున వేసుకున్నా ఐదో దసరాకు పదిహేను మైక్రాన్లు పోతాయి, అంటే ఉన్న పొరలో మూడో వంతు. క్లియర్ కోట్ మెరుపు కోసమే లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు అందులో కలిపి ఉంటాయి. పొర పలచబడితే ఆ కవచమూ అంతే పలచబడుతుంది. మే నెల మధ్యాహ్నం బయట నిలిపిన నల్ల కారు టాపు వేడి 70 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ వేడిలో, పలచబడిన పొర ముందు టాపు మీద, తర్వాత బానెట్ మీద తెల్లటి పొక్కులుగా లేచి ఊడటం మొదలవుతుంది. ఏటా మెరిపించిన కారే, అసలు పట్టించుకోని కారు కంటే ముందుగా రంగు ఊడే స్థితికి వస్తుందంటే కారణం ఇదే.

బాగా చేసిన పని ఎలా ఉంటుందో ఒక బానెట్ దగ్గర నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. కారు నీడలో ఉంటుంది, రేకు చల్లబడి ఉంటుంది. ముందు షాంపూతో దుమ్మంతా పోతుంది. తర్వాత తారు చుక్కలు, బ్రేకుల నుంచి రాలి అంటుకున్న ఇనుప రజను మందు చల్లి వదిలిస్తారు. చేత్తో నిమిరితే ఇంకా గరుగ్గా తగిలేదాన్ని, తడి మీద క్లే బార్ ముద్దతో జారుస్తూ తీస్తారు. ఇదయ్యాకే మందం కొలిచే మీటరు బయటికొస్తుంది. బానెట్ మీద ఐదారు చోట్ల పెట్టి అంకెలు రాసుకుంటారు. అంచులకు, రేకు మడతలకు టేపు వేస్తారు. తడిగా ఉన్నప్పుడు పూత పదునైన అంచుల నుంచి పక్కకు జారుతుంది కనుక అక్కడ పొర మిగతా చోట్ల కంటే పలచన. బానెట్ అంతా ఒకేసారి మొదలుపెట్టరు. రెండడుగుల చదరం ఎంచుకుని, ఉన్నవాటిలో మెత్తటి ప్యాడుతో, సన్నటి పాలిష్‌తో ప్రయత్నిస్తారు. నాలుగైదు చుక్కలు ప్యాడు మీద వేసి, నిలువు అడ్డం వరసల్లో నెమ్మదిగా నాలుగు సార్లు నడిపి, తుడిచి, ఆల్కహాలు కలిపిన నీళ్లతో నూనె జిడ్డంతా తీసేసి, దీపం పట్టి చూస్తారు. చాలకపోతేనే ఒక మెట్టు ముతకకు వెళతారు. గీతల్లో నూటికి డెబ్బై, ఎనభై పోయాయా, అక్కడ ఆగుతారు. గోరు తగులుకునేంత లోతు గీతను వెంటాడరు. ఆ ఒక్క గీత కోసం చుట్టూ ఉన్న మంచి పొరనంతా దాని అడుగు దాకా దించాల్సి వస్తుంది కాబట్టి.

మిషన్లలోనూ తేడా ఉంది. రోటరీ అనే పాత రకం ప్యాడును ఒకే ఇరుసు మీద గిర్రున తిప్పుతుంది. వేగంగా కోస్తుంది, అంతే వేగంగా వేడెక్కిస్తుంది. అనుభవం లేని చేతిలో అంచు దగ్గర ఒక్క క్షణం ఆగితే కింది రంగు దాకా కాలిపోతుంది. ఎండలో చూస్తే కదిలే నీడల్లాంటి చారలూ మిగులుస్తుంది. డ్యూయల్ యాక్షన్ రకం ప్యాడును తిప్పుతూనే అటూ ఇటూ ఊపుతుంది. బలంగా నొక్కితే తిరగడమే ఆగిపోతుంది కాబట్టి తప్పు చేసే అవకాశం తక్కువ. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి రెండోదే ఇవ్వాలి. ఏ మిషనూ పెట్టకూడని చోట్లూ ఉన్నాయి. పొర పొక్కులు లేచి ఊడుతుంటే పాలిష్ దాన్ని అతికించలేదు, ఇంకాస్త ఊడదీస్తుంది. పాత అంబాసిడర్ల వంటి కార్లలో క్లియర్ కోట్ ఉండకపోవచ్చు. అలాంటి కారును తెల్లటి గుడ్డతో రుద్దితే గుడ్డ నల్లబడుతుంది, అంటే రంగే ఊడొస్తోందన్నమాట. ఎండకు సుద్దలా మారిన ఆ పై రంగును తీస్తే కింద నిఖార్సైన నలుపు వస్తుంది గానీ, ఆ పూతా ఎంతోసేపు ఓర్చదు. బంపర్లు ప్లాస్టిక్‌వి కావడంతో వేడి అక్కడే నిలిచి పూత మెత్తబడుతుంది. రేకు మీద పనిచేసే మామూలు మీటరు ప్లాస్టిక్ మీద అంకె చూపదు కూడా. కొలవలేని చోట చేయి ఇంకా తేలిగ్గా ఉండాలి.

ఇంత బాధెందుకు, కొత్తగా రంగు వేయిస్తే పోలేదా అనేవాళ్లుంటారు. పోదు. కంపెనీలో రంగు వేసేటప్పుడు బోసి రేకు మొత్తాన్ని 140 డిగ్రీల దరిదాపు వేడిలో కాలుస్తారు. సీట్లు, వైర్లు, రబ్బరు బిగించిన కారును అంత వేడిలో పెట్టడం కుదరదు. అందుకని షెడ్డులో వేసే రంగు తక్కువ వేడికి ఆరే రకం. మంచి బూత్, మంచి పనివాడు ఉంటే అదీ బాగానే ఉంటుంది గానీ దుమ్ము నలకలు, నారింజ తొక్కలాంటి గరుకు లేకుండా నల్లరంగు కొట్టడం పెయింటింగ్‌లో అన్నిటికంటే కష్టమైన పని. పాత కారు కొనేవాడు మీటరు పెట్టి చూసినప్పుడు ఒక డోరు మీద రెండు వందలు, మూడు వందల మైక్రాన్లు కనిపిస్తే ముందు అడిగేది యాక్సిడెంట్ గురించే. రీపెయింట్‌తో ధర పెరగదు, అనుమానం పెరుగుతుంది. వీటన్నిటికీ మించినది పనివాడి ఊపిరి. రెండు డబ్బాల మందు కలిపి కొట్టే క్లియర్ కోట్‌లో ఐసోసయనేట్ రసాయనాలుంటాయి. స్ప్రే పెయింటర్లకు వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు ఇవే ప్రధాన కారణాల్లో ఒకటి. బయటి గాలి అందించే మాస్కు లేకుండా ముక్కుకు రుమాలు కట్టుకుని రంగు కొట్టే షెడ్లు మన రోడ్ల పక్కన తక్కువేమీ కాదు. రేకు దెబ్బతిన్నా, పొర ఊడినా రంగు తప్పదు. గీతల కోసం మాత్రం రంగు దాకా వెళ్లనక్కర్లేదు. కంపెనీ పూతను కాపాడుకుంటూ తక్కువగా పాలిష్ చేయడమే వాటికి తగిన మందు.

షెడ్డు యజమానుల వైపు నుంచి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కస్టమరు అడిగేది మెరుపు, మైక్రాన్లు కావు. డెలివరీ సాయంత్రానికి కావాలి, బేరం ఆడాలి, గీత ఒక్కటి కనిపించినా డబ్బులివ్వనంటాడు. ఇలాంటి ఒత్తిడిలో పనివాడికి రెండే దారులు. ఒకటి, గట్టిగా కోసేయడం. రెండోది, నూనె, మైనం కలిసిన గ్లేజ్‌తో గీతలను పూడ్చి చూపించడం. పూడ్చిన మెరుపు రెండు మూడు వాష్‌లకు పోతుంది. అప్పుడు యజమాని మళ్లీ వస్తాడు, పాలిష్ మళ్లీ పడుతుంది, పొర మళ్లీ అరుగుతుంది. కాబట్టి తప్పు పనివాడిదొక్కడిదే అనడం అన్యాయం. అద్దం కోరే కస్టమరే ఈ చక్రాన్ని తిప్పుతున్నాడు. గ్లేజ్ వాడటమూ మోసమేమీ కాదు, అది గ్లేజేనని ముందే చెబితే. పొర పలచబడ్డ పాత కారుకు కోత లేకుండా పెళ్లికి నాలుగు రోజులు మెరిపించాలంటే నిజానికి అదే సరైన పద్ధతి. చెప్పకుండా, సరిదిద్దినట్టు అమ్మినప్పుడే తగువు. ఆల్కహాలు నీళ్లతో ఒకసారి తుడిచి చూపించమని కస్టమరు అడిగితే ఏది పోయిన గీతో, ఏది పూడిన గీతో అక్కడికక్కడే తేలిపోతుంది.

కొలతలు, మీటర్లు నగరంలోని పెద్ద డీటెయిలింగ్ స్టూడియోలకే చెల్లుతాయి, గజ్వేల్ రోడ్డు మీది షెడ్డుకు ఎక్కడ కుదురుతాయనే మాటా వినిపిస్తుంది. రేకు మీద మందం చూపే మామూలు మీటరు ఇప్పుడు కొన్ని వేల రూపాయలకే దొరుకుతోంది. మంచి పాలిషింగ్ మిషన్ ధర అంతకంటే చాలా ఎక్కువ. మిషన్‌కు పెట్టుబడి పెట్టగలిగిన షెడ్డు మీటరుకు పెట్టలేననడం సరైన సాకు కాదు. మీటరుకూ పరిమితులున్నాయి. అది అన్ని పొరల మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. 110 అని చూపితే అందులో పైపొర వాటా అంచనా వేసుకోవాల్సిందే. అయినా పని ముందు 110, తర్వాత 107 అని తెలిస్తే ఈసారి ఎంత ఖర్చయిందో తేలుతుంది. పక్క డోరు 110 చూపుతుంటే ఒక డోరు 80 చూపితే అక్కడ ఎవరో ముందే అరగదీశారని తెలిసి చేయి ఆగుతుంది. పూర్తి నిజం తెలియకపోవడం, ఏమీ తెలియకపోవడం ఒకటి కాదు. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని చేపట్టారు కనుక, ఆటోమొబైల్ విద్యార్థులకు ఇంజిన్‌తో పాటు పూత మందం కొలవడం, ముందు చిన్న చదరంలో టెస్ట్ ప్యాచ్ పెట్టి చూడటం నేర్పితే గ్రామాల కుర్రాళ్లకు అదే ఉపాధి. ఈ పనికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. నీడ, నీళ్లు, కరెంటు, ఓపిక ఉంటే మండల కేంద్రంలోనే చేసుకోవచ్చు.

ఇక అందరూ చెప్పే తేలిక మార్గం సిరామిక్ కోటింగ్. ఒకసారి వేయిస్తే గీతలే పడవని, 9హెచ్ గట్టిదనమని అమ్ముతారు. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ పరీక్ష అంకె. అంటే 9హెచ్ పెన్సిల్ ములుకు గీసినా చార పడలేదని మాత్రమే అర్థం. మోస్ కొలమానం మీద 9 అంటే కెంపు, నీలం జాతి రాయి గట్టితనం. రెండింటికీ సంబంధం లేదు. మర్కూక్ చెల్క దుమ్ములోని పలుగురాతికి ఆ కోటింగ్ అడ్డు కాదు. కోటింగ్ మందమే ఒకటి రెండు మైక్రాన్ల లెక్కలో ఉంటుంది. అయితే దాన్ని పనికిరానిదిగా కొట్టిపారేయడమూ తొందరపాటే. నీళ్లు నిలవకుండా జారిపోతాయి, మట్టి తేలిగ్గా వదులుతుంది, పక్షి రెట్ట, చెట్టు జిగురు పొరలోకి దిగడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. రుద్దాల్సిన అవసరం తగ్గుతుంది కాబట్టి గీతలూ తగ్గుతాయి. ఆ మేరకు అది లాభమే. ఇబ్బంది ఇంకో చోట ఉంది. కోటింగ్ వేసే ముందు కింద గీత ఉంటే అది లోపలే బిగుసుకుపోతుందని చెప్పి కారును గట్టిగా కోస్తారు. కోటింగ్ గడువు తీరాక మళ్లీ వేయడానికి మళ్లీ కోస్తారు. రక్షణ పేరుతో రక్షించాల్సిన పొరే పోతుంది. కోటింగ్ కావాలనుకుంటే దాని ముందు చేసే పాలిష్‌కూ మైక్రాన్ల లెక్క అడగాల్సిందే.

పాలిష్ అవసరాన్నే తగ్గించే మార్గం కడిగే పద్ధతిలో ఉంది. ఈ ప్రాంతపు బోరునీళ్లలో సున్నం పాలు ఎక్కువ. కాలిన నల్ల బానెట్ మీద ఆ నీళ్లు ఆరితే కాల్షియం, మెగ్నీషియం లవణాలు గుండ్రటి తెల్ల మరకలై మిగులుతాయి. కొత్తవైతే నీళ్లు కలిపిన వెనిగర్‌కు కరుగుతాయి. నెలల తరబడి ఎండబెడితే పొరలోకి గుంటలు తవ్వుతాయి, అప్పుడు మిషనే దిక్కు. తాగునీటి పథకం మిషన్ భగీరథ తొలి దశను 2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించింది ఈ పక్కనున్న కోమటిబండలోనే. అలా ఇంటింటికీ వచ్చిన గోదావరి నీళ్లు బోరునీళ్ల కంటే మెత్తన. వాటిని కారుకు వాడటమా అని ఎవరైనా కోప్పడితే ఆ కోపం సబబే. పైపు పెట్టి తాగునీళ్లు పారబోయడం ఎవరూ ఒప్పుకోకూడదు. దానికి అవసరమూ లేదు. నీడలో బోరునీళ్లతోనే కడిగి, మట్టిని ముందు నీటి ధారతో వదిలించి, షాంపూ బకెట్టు ఒకటి, గుడ్డ జాడించే బకెట్టు వేరొకటి పెట్టుకుని, ఆరకముందే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నీళ్లు అద్దేస్తే మరక పడదు. చివరి జాడింపుకు మాత్రం ఒక బకెట్టు మెత్తటి నీళ్లో, పట్టి ఉంచుకున్న వాన నీళ్లో చాలు. పొద్దున్నే చేసే పొడి తుడుపును మానేస్తే అసలు సగం పని అయిపోయినట్టే. దుమ్ముతో ఉన్న కారు ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే పరువు పోదు.

ఆఖరుగా, నలుపు కొనకపోతే ఈ బాధే లేదుగా, కారు మెరుపు గురించి ఇంత చర్చ విలాసం కాదా అనే ప్రశ్న. కొత్తగా కొనేవాళ్లు ఎండ, దుమ్ము, నీళ్లు చూసుకుని తెలుపో, వెండి రంగో ఎంచుకోవడం తెలివైన పనే. కానీ ఇప్పటికే రోడ్డు మీదున్న నల్ల కార్లు ఎక్కడికీ పోవు. నగరంలో కొన్నాళ్లు తిరిగిన కారును సెకండ్ హ్యాండ్‌లో కొని ట్యాక్సీగానో, ఇంటి అవసరానికో వాడుకునేవాడికి ఆ కారు పెద్ద ఆస్తి. ఆర్సీలో రంగు కూడా నమోదై ఉంటుంది కాబట్టి నచ్చలేదని రంగు మార్చేయడమూ అంత తేలిక కాదు. అది కాగితాల పని, రవాణా శాఖ దాకా వెళ్లాల్సిన పని. బయటి పొర నిలిస్తే కారు రేకు నిలుస్తుంది, రేకు నిలిస్తే అమ్మకం ధర నిలుస్తుంది. ఉన్నదాన్ని ఎక్కువ కాలం నిలబెట్టుకోవడం విలాసం ఎలా అవుతుంది? ఏటా అరగదీసి మెరిపించడమే విలాసం.

ఈ రంగంలో పెద్ద చట్టాలు, కొత్త అధికారులు అక్కర్లేదు. కస్టమరు రెండు అలవాట్లు చేసుకుంటే చాలు. పని ఒప్పుకునే ముందు ఒక్కో ప్యానెల్ మందం ఎంతుందో, పని అయ్యాక ఎంత మిగిలిందో బిల్లు మీద రాసివ్వమని అడగాలి. ఎన్ని గీతలు పోవాలన్నది కాక, ఎన్ని మైక్రాన్ల లోపు పని ముగించాలన్నది బేరంలో మొదటి మాట కావాలి. ఆ కాగితాన్ని ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు డాష్‌బోర్డులో పెట్టుకుంటే తర్వాతి పనివాడికి ఇంకెంత తీయొచ్చో తెలుస్తుంది, తర్వాతి కొనుగోలుదారుడికి కారు ఎలా చూసుకున్నారో తెలుస్తుంది. అంకె రాసివ్వడానికి ఒప్పుకోని షెడ్డు ఎంత మెరిపించినా కారు అక్కడ వదలకూడదు. అంకె రాసిచ్చి, నాలుగు గీతలు వదిలేసి, ఇవి తీయను అని చెప్పే పనివాడికి అడిగినంత ఇచ్చినా నష్టం లేదు.